అప్‌డేట్: రాజేంద్రనగర్‌లో సీటు, నర్సంపేట దగ్గర మిర్చి చేను

బాపుకు పక్షవాతం వచ్చింది, ఇంట్లో ఉండి చేను చూసుకోవాలా, రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేరాలా అని ఇంతకుముందు ఇక్కడ మిమ్మల్ని అడిగింది నేనే. చేరిపోయాను. కానీ అంత సాఫీగా ఏం జరగలేదు.

"ఆడపిల్ల ఇల్లు విడిచిపోతే ఎట్లా" అని పెద్దమ్మ గొడవ చేసింది. అమ్మ మాత్రం ఒక్క మాట కూడా అనలేదు, నాకు అదే ఎక్కువ టెన్షన్. చివరికి మీలో ఒకరు చెప్పినట్టే సగం చేను మామకు కౌలుకిచ్చాం. మిగతా సగంలో చపాటా మిర్చి వేశాం. 2025లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు పంట అని ఇచ్చే ముద్ర) వచ్చిన మన వరంగల్ రకమే, టమాటాలా గుండ్రంగా ఉంటుంది, ఘాటు తక్కువ.

మొన్న సెలవుల్లో వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు బస్తాలు నేనే తోలుకుపోయాను. పక్కన తేజ మిర్చి రాశులు, ఒకటే తుమ్ములు! తక్‌పట్టీ (తూకం, ధర రాసిచ్చే చీటీ) తెచ్చిస్తే బాపు ఎడమచేత్తో పట్టుకుని, అంకెలన్నీ మెల్లగా చదివి, "తూకంలో తరుగు ఎక్కువ తీసిండు, అడగలేదా?" అన్నాడు. మాట తిరుగుతోంది, అది చాలు నాకు.

తమ్ముడి ఇంటర్ అయ్యేదాకా సెలవు దొరికితే వరంగల్‌లో రైలు దిగి నర్సంపేట బస్సెక్కడమే. పెద్దమ్మ ఇంకా మాట్లాడటం లేదు.