సాఫ్ట్‌వేర్‌లో ఉన్న నల్గొండ, పాలమూరు అక్కలకు ఒక ప్రశ్న: మీరు ఇష్టంతోనే వచ్చారా?

బత్తాయితోట:

మా చిన్నమ్మ బిడ్డ నల్గొండలో బీఎస్సీ కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. మొన్న ఊరికి పోతే నన్ను డాబా మీదికి తీసుకుపోయి అడిగింది. "అక్కా, నాకు కంప్యూటర్లంటే ఇష్టమో కాదో నాకే తెలియడం లేదు. కాలేజీకి వచ్చిన ఒక సారు, ఇష్టం లేకుంటే ఈ లైన్‌లోకి రావద్దన్నాడు. మరి నేను రావచ్చా?"

తొమ్మిదేళ్లుగా టెస్టింగ్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే పనిలో ఉన్నాను. దానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్లే లేరు.

మాది నకిరేకల్ దగ్గర ఊరు. తోట ఎండిపోతోందని నాన్న ఐదు బోర్లు వేయించాడు. నాలుగింట్లో దుమ్ము లేచింది, ఒకదాంట్లో రెండు నెలలు నీళ్లు పడ్డాయి. నా డిగ్రీ అయ్యేసరికి ఆ అప్పు మిత్తితో సహా మా ఇంట్లో ఇంకో మనిషిలాగా కూర్చుంది. మేనత్త బిడ్డ అమీర్‌పేట హాస్టల్‌లో ఉండేది. ఆమె గదిలో ఒక మంచం ఖాళీ అయింది, పోయాను. మైత్రీవనం దగ్గర ఇన్‌స్టిట్యూట్‌లో జావా ఫీజు ఎక్కువ, మాన్యువల్ టెస్టింగ్ ఫీజు తక్కువ. నేను టెస్టర్‌ని కావడానికి కారణం అదే. టెస్టింగ్‌ని ప్రోగ్రామ్‌తో చేయించే సెలీనియం నేర్చుకున్నది ఉద్యోగం వచ్చిన రెండేళ్లకు.

ఇంటర్వ్యూలో "టెస్టింగే ఎందుకు" అంటే "క్వాలిటీ అంటే ప్యాషన్ సర్" అన్నాను. ఆ మాట హాస్టల్‌లో అందరం కలిసి బట్టీ పట్టిందే. ఇప్పుడు తప్పులు పట్టడం నిజంగానే సరదాగా ఉంది, పెళ్లి పత్రికలు కూడా ఎర్ర పెన్ను పట్టుకుని చదవాలనిపిస్తుంది. కానీ అది తర్వాత వచ్చిన సరదా.

మీరు ఎందుకు వచ్చారో నిజం చెప్పండి. లింక్డిన్‌లో రాసుకునేది వద్దు.

పిల్లలమర్రి:

మాది మహబూబ్‌నగర్. నేను వచ్చింది పెళ్లి తప్పించుకోవడానికి.

ఇంటర్ అయ్యాక మా ఇంట్లో రెండే దారులు: ఇంజనీరింగ్, లేదంటే మేనబావ. ఎంసెట్‌లో రాంక్ వచ్చింది, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, కాబట్టి ఇంజనీరింగ్. నాకు మెకానికల్ కావాలని ఉండేది. నాన్నకు చిన్న వెల్డింగ్ షాపు, నేను అక్కడే పెరిగాను. "ఆడపిల్లకు మెకానికల్ ఏంది" అని ఈసీఈ పెట్టించారు. క్యాంపస్‌లో ఒక సర్వీసు కంపెనీ వచ్చింది, తీసుకుంది. రెండేళ్ల బాండ్ రాయించుకున్నారు. మా బ్యాచ్ అంతా ఆ బాండ్‌ని తిట్టుకుంటే నేను మాత్రం లామినేషన్ చేయించినంత జాగ్రత్తగా దాచుకున్నాను. ఉద్యోగం మానేస్తే డబ్బు కట్టాలని మాత్రమే అందులో ఉంది. నాన్నకు మాత్రం "ఈ రెండేళ్లు పెళ్లి కుదరదు, కంపెనీ రూలు" అని చెప్పాను. ఇప్పటికీ ఆయనకు తెలియదు.

ఇష్టం ఎప్పుడు పుట్టిందో కూడా చెప్తాను. మూడో ఏడు. ఒక క్లయింట్ రిపోర్టులో రోజూ కొన్ని ఆర్డర్లు ముందు రోజు లెక్కలో పడుతున్నాయి. అన్నీ కాదు, కొన్నే. నెల రోజులు ఎవరికీ అంతుపట్టలేదు. ఒక రాత్రి ఆ తప్పు పడిన ఆర్డర్లన్నీ టైమ్ ప్రకారం పేర్చి చూశాను. ఒక్కటి కూడా తెల్లవారి ఐదున్నర తర్వాతది లేదు. అన్నీ అర్ధరాత్రి పన్నెండుకూ ఐదున్నరకూ మధ్యవే. సర్వర్ యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తోంది, మనం దానికంటే ఐదున్నర గంటలు ముందు. మనకు తారీఖు మారినా సర్వర్‌కి ఇంకా నిన్ననే! ఆ రాత్రి హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నాన్న వెల్డింగ్ షాపులో ట్రాక్టర్ ఇరుసు ఎక్కడ పగిలిందో సుత్తితో కొట్టి చప్పుడు విని చెప్పేవాడు. ఇదీ అదే పని.

సాగర్_ఎడమకాల్వ:

అక్కలు ఏమీ అనుకోకండి. ఆసక్తి లేకుండా వస్తే పని బరువు అవుతుంది. మా టీమ్‌లో అట్లా వచ్చిన అమ్మాయిలు పెళ్లి కాగానే మానేశారు. ఆ సీటు ఆసక్తి ఉన్నవాళ్లకు పోయేది కదా. ఆ సారు చెప్పింది కరెక్టే.

పిల్లలమర్రి:

అన్నా, మీరెట్లా వచ్చారు?

సాగర్_ఎడమకాల్వ:

మా మేనమామ ఇందులోనే ఉండె. రమ్మన్నాడు.

పిల్లలమర్రి:

సరే అన్నా.

డిండి_నీళ్లు:

నాది దేవరకొండ వైపు తండా. నేను మీసేవ నుంచి వచ్చాను.

ఇంటర్ కాగానే పద్దెనిమిదికి పెళ్లయింది. 2012లో దేవరకొండలో ఒక మీసేవ సెంటర్‌లో ఆపరేటర్‌గా చేరాను. అప్పటికి మీసేవ వచ్చి ఏడాదే. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, పహాణీ నకలు, రోజుకు వందకు పైగా మనుషులు. టైపింగ్ అక్కడే వచ్చింది. ఇంట్లో మా గోర్ భాష, బడిలో తెలుగు, స్క్రీన్ మీద ఇంగ్లిష్. మూడో భాషను నేను ఫారాల నుంచి నేర్చుకున్నాను, "అప్లికెంట్", "రిలేషన్‌షిప్", "రిమార్క్స్" ఇవే నా మొదటి ఇంగ్లిష్ మాటలు. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ కట్టాను. మా ఆయన కారు డ్రైవింగ్‌కి హైదరాబాద్ రావడంతో ఎల్బీనగర్‌కి మారాము. ఒక యాప్ కంపెనీలో కస్టమర్ సపోర్ట్, తర్వాత టికెట్లు (నంబర్ వేసిన ఫిర్యాదులు) చూసే పని, ఎక్సెల్, డేటాబేస్ నుంచి వివరాలు తీసే ఎస్‌క్యూఎల్, ఇప్పుడు బిజినెస్ అనలిస్ట్. ఇట్లా రాస్తే నాలుగు మెట్లలాగా ఉంది, పదకొండేళ్లు పట్టింది.

నాకు కోడ్ రాయడం రాదు. నాకు వచ్చింది వేరే. ఒకసారి మా డెవలపర్లు డేటా చూసి "వేలమంది పుట్టినరోజు జనవరి 1 అని ఉంది, ఇది బగ్, ఈ రికార్డులు తీసేద్దాం" అన్నారు. నేను ఆపాను. తారీఖు తెలియనివాళ్లు పుట్టిన సంవత్సరం మాత్రమే చెప్తే ఆధార్‌లో జనవరి 1 పడుతుంది. మా అత్తమ్మదీ అదే, మా మామదీ అదే. తండా అంతా ఒకే రోజు పుట్టినట్టు ఉంటుంది. ఇంకోసారి ఫారంలో ఇంటిపేరు తప్పనిసరి అని పెట్టారు. ఆధార్‌లో ఒక్కటే పేరున్న ముసలమ్మ ఏం రాయాలి? చుక్క పెట్టి ముందుకు పోతారు, ఆ చుక్కతోనే దరఖాస్తు తిరిగొస్తుంది. ఇవన్నీ కౌంటర్ అవతల నిలబడి ఏడ్చినవాళ్లను చూసి నేర్చుకున్నవి.

ఎందుకు వచ్చావంటే, కౌంటర్ ఇవతల కుర్చీ ఉంది కాబట్టి. పత్తి చేనులో నిలబడి చేసిన నడుముకు కూర్చుని చేసే పని దొరకడమే చాలు.

బత్తాయితోట:

జనవరి 1 సంగతి మా టీమ్‌లో రేపే చెప్తాను. మేము కూడా ఆ రికార్డులకు "ఇన్‌వాలిడ్" అనే రాస్తున్నాం.

హుజూర్‌నగర్_బీఫార్మసీ:

మెడికల్ కోడింగ్ వాళ్లను మీరు లెక్కలోకి తీసుకుంటారా? హాస్టల్‌లో సాఫ్ట్‌వేర్ అమ్మాయిలు "అది కోడింగ్ కాదు కదా" అని ఒక నవ్వు నవ్వుతారు.

కాదు నిజమే. అమెరికాలో డాక్టర్ రాసిన చీటీ చదివి రోగాన్ని కోడ్‌గా మారుస్తాం. వేరే అవయవాలు దెబ్బతినని టైప్ 2 షుగర్ అయితే ఐసీడీ-10 అనే రోగాల కోడ్‌ల జాబితాలో ఈ11.9. కిడ్నీ దెబ్బతింటే వేరే కోడ్. ఒక్క అంకె తప్పితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ వెనక్కి వస్తుంది. నాకు ఫార్మా ప్లాంట్‌లో వాసన పడలేదు, మందుల షాపులో జీతం చాలలేదు. బీజెడ్‌సీ, ఫార్మసీ, నర్సింగ్ చదివిన అమ్మాయిలకు ఇదొక దారి. సీపీసీ అనే మెడికల్ కోడింగ్ సర్టిఫికెట్ పరీక్ష పాసైతే జీతం పెరుగుతుంది. కొత్తల్లో రోజుకు ఇన్ని చార్టులు (రోగుల రికార్డులు) అని టార్గెట్ పెడతారు, మెడ పట్టేస్తుంది, అది కూడా ముందే తెలుసుకుని రావాలి.

కొత్తకోట_కోడలు:

సాగర్ అన్నా, పెళ్లి కాగానే మానేశారన్నారు కదా. నేను ఆ లెక్కలో మనిషిని. కొంచెం పెద్దగా రాస్తాను.

2017లో చట్టం మార్చి మొదటి ఇద్దరు పిల్లలకు ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు. యాభై మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలని కూడా అందులోనే ఉంది. నేను 26 వారాలూ తీసుకున్నాను. తిరిగి వెళ్లేసరికి నా ప్రాజెక్టు వేరేవాళ్ల చేతిలో ఉంది. నన్ను బెంచ్ మీద, అంటే ఏ ప్రాజెక్టూ ఇవ్వకుండా కూర్చోబెట్టారు. ఎవరూ పొమ్మనలేదు. రోజూ ఉప్పల్ నుంచి హైటెక్ సిటీ దాకా వెళ్లి, పాలు కట్టి నొప్పి పెడుతుంటే, పని లేకుండా సాయంత్రం దాకా కూర్చోవాలి. శిశు సంరక్షణ గది కాగితం మీద ఉంది, తాళం చెవి ఎవరి దగ్గర ఉందో తెలియలేదు. కంపెనీ పేరు చెప్పను. మూడు నెలలకు నేనే రాజీనామా రాసిచ్చాను. వాళ్ల రికార్డులో "వ్యక్తిగత కారణాలు".

నాలుగేళ్లు ఇంట్లో ఉన్నాను. తిరిగి ప్రయత్నించినప్పుడు ప్రతి ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న గ్యాప్ గురించే. ఒకాయన "ఈ నాలుగేళ్లు ఏం చేశారు" అన్నాడు. పిల్లను పెంచానంటే "అది కాదండీ, ప్రొడక్టివ్‌గా" అన్నాడు. చివరికి పాత టీమ్‌లీడ్ ఒకామె పిలిచి, పాత జీతంలో సగానికి ఇప్పించింది. తీసుకున్నాను. రోషం కంటే రెజ్యూమెలో కొత్త తారీఖు ముఖ్యం అనిపించింది. అత్తమ్మ వనపర్తి జిల్లా కొత్తకోట నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. ఆమె చేను కౌలుకిచ్చి వచ్చింది, అది ఎవరూ లెక్కలో రాయరు.

ఇప్పుడు డేటా ఇంజనీర్‌ని. ఇష్టమా అంటే, వదిలేసి నాలుగేళ్లు ఉన్నాక తెలిసింది. రాత్రి పాపను పడుకోబెట్టి ఫోన్‌లో ఎస్‌క్యూఎల్ లెక్కలు చేసుకునేదాన్ని, పక్కింటివాళ్లు సీరియల్ చూస్తున్నాననుకునేవాళ్లు.

సాగర్_ఎడమకాల్వ:

అక్కా, నేను ఆ వైపు ఆలోచించలేదు. మా టీమ్‌లో మానేసిన ఒకామె కూడా బెంచ్ మీదే ఉండె. ఇప్పుడు గుర్తొస్తోంది.

చాక్‌పీస్:

నేను బయటికి పోయినదాన్ని. ఆరేళ్లు సపోర్ట్‌లో చేశాను, మొత్తం నైట్ షిఫ్టులు. 2024 డీఎస్సీలో టీచర్ పోస్టు వచ్చింది, నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్నాను. జీతం తగ్గింది. ఎవరూ వేధించలేదు, క్యాబ్ ఇంటి ముందు దాకా వచ్చేది, మేనేజర్ మంచివాడు. అయినా నాకు పగలు మేలుకోవాలని ఉండె. కారణం అంతే, కానీ చుట్టాలెవరూ నమ్మరు. "తీసేశారా" అని మెల్లగా అడుగుతారు.

బడిలో మాత్రం మధ్యాహ్న భోజనం లెక్కలకు నేను చేసిన ఎక్సెల్ షీటు మండలంలో చాలా స్కూళ్లలో తిరుగుతోంది. దాంట్లో ఎవరు ఏ సెల్ చెడగొట్టినా నాకే ఫోన్. సపోర్ట్ నన్ను వదల్లేదు.

డిండి_నీళ్లు:

హహ. టికెట్ నంబర్ ఇచ్చి పంపండి టీచరమ్మా.

మూసీ_గట్టు:

చెల్లెకు ఇష్టం సంగతి తర్వాత, ముందు ఒకటి చెప్పండి. డబ్బు కడితే మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ చూపించి ఉద్యోగం ఇప్పిస్తామనేవాళ్ల జోలికి పోవద్దు. నేను పోయాను. మా అన్న ఆటో కిస్తీ ఆపి మరీ కట్టాడు. ఉద్యోగం వచ్చింది కూడా. నాలుగో నెలలో వెరిఫికేషన్‌లో పీఎఫ్ చూశారు. నిజంగా పనిచేసి ఉంటే యూఏఎన్‌లో (పీఎఫ్ నంబర్ కింద) సర్వీసు చరిత్ర కనబడాలి, నాకు లేదు. మధ్యాహ్నం పన్నెండుకు ఐడీ కార్డు తీసుకుని గేటు దాకా తీసుకొచ్చి వదిలారు. అన్నకు చెప్పడానికి వారం పట్టింది. తర్వాత ఫ్రెషర్‌గానే మొదలుపెట్టాను, రెండేళ్లు వెనకబడ్డాను. అబద్ధపు ఎక్స్‌పీరియన్స్‌తో నెట్టుకొచ్చినవాళ్లు కూడా ఉన్నారని ఎవరో ఒకరు ఇక్కడ రాస్తారు. ఉన్నారు. వాళ్లు రాత్రి ఎట్లా నిద్రపోతారో నేను అడగలేదు.

ఇంకా, హైదరాబాద్ ఒక్కటే కాదు. 2023లో మహబూబ్‌నగర్ దివిటిపల్లిలో, నల్గొండలో ఐటీ టవర్లు తెరిచారు. కంపెనీలు తక్కువ, జీతాలూ తక్కువే, నేను ఊరించను. కానీ మొదటి ఏడాది ఇంటి అన్నం తిని చేయొచ్చు. ఇంటర్వ్యూలకు హైదరాబాద్ పోవాలంటే ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని ఎల్బీనగర్‌లో దిగి, మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే రాయదుర్గం దాకా పోవచ్చు. మా కాలంలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి రెండు సిటీ బస్సులు, మధ్యలో ఒక ఏడుపు.

బత్తాయితోట:

నిన్న రాత్రి ఇదంతా చెల్లెకు ఫోన్‌లో చదివి వినిపించాను. ఇన్నేళ్లలో నేను తనకు ఇంత సేపు ఫోన్ చేసింది ఇదే మొదటిసారి. జనవరి 1 దగ్గర "మా నాయనమ్మది కూడా" అని అరిచింది. కొత్తకోట అక్క దగ్గర ఏమీ మాట్లాడలేదు. ఐదున్నర గంటల కథ మాత్రం రెండుసార్లు చదివించుకుంది. పొద్దున మెసేజ్ పెట్టింది: "అక్కా, మనది ఐదున్నరే ఎందుకు? ఆరు పెట్టుకోవచ్చు కదా?" నాకు తెలియదు. పిల్లలమర్రీ, నీదే బాధ్యత.

పిల్లలమర్రి:

మన దేశం టైమ్‌ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర కడతారు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. భాగించమను.

బత్తాయితోట:

భాగించింది. ఇప్పుడు నేపాల్‌ది ఐదు ముప్పావు గంటలు ఎందుకని అడుగుతోంది. నేను పడుకోవాలమ్మా, పొద్దున రిలీజ్ ఉంది. నంబర్ ఇస్తాను, మీరూ మీరూ మాట్లాడుకోండి.