ల్యాబులో కంపైల్ చేసిన గ్రోమాక్స్ నా ల్యాప్‌టాప్‌లో ఎందుకు నడవట్లేదు?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట):
ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఒక ప్రోటీన్‌ని నీళ్లలో పెట్టినట్టు గ్రోమాక్స్‌లో (అణువుల కదలికల్ని కంప్యూటర్లో లెక్కించే సాఫ్ట్‌వేర్) 100 నానోసెకన్ల సిమ్యులేషన్ నడపాలి. కాలేజీ ల్యాబులో కొత్త మెషీన్ మీద సోర్సు నుంచి గ్రోమాక్స్ కంపైల్ చేశాను, అక్కడ బాగానే నడిచింది. సెలవులకి ల్యాబు మూసేస్తారని ఇన్‌స్టాల్ అయిన ఫోల్డరు మొత్తం పెన్‌డ్రైవులో ఇంటికి తెచ్చుకున్నాను. రెండిట్లోనూ ఉబుంటు ఒకటే. కానీ ఇక్కడ కమాండ్ కొట్టగానే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని ఆగిపోతోంది. కాపీలో ఫైలు పాడైందేమోనని మూడుసార్లు మళ్లీ తెచ్చాను, అదే వరస. సోమవారం మా గైడ్ గారికి చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది. డబుల్ ప్రెసిషన్‌తో (అంకెల్ని ఇంకా ఎక్కువ ఖచ్చితత్వంతో లెక్కించేలా) కంపైల్ చేస్తే మంచిదని మా సీనియర్ అన్నాడు, అదీ పెట్టమంటారా?

జవాబు (విజయవాడ):
ఫైలు పాడవలేదు తమ్ముడూ. సీమేక్ (కంపైల్‌కి ముందు సెట్టింగులు సిద్ధం చేసే ప్రోగ్రాం) నడిచేటప్పుడు అది ఏ ప్రాసెసర్ మీద ఉందో చూసుకుని దానికి తగ్గ సిమ్డ్ ఆదేశాలే (ఒకేసారి చాలా అంకెల్ని లెక్కించేవి) ఎంచుకుంటుంది. ల్యాబు మెషీన్‌కి వాటిలో ఏవీఎక్స్_512 రకం ఉండి ఉంటుంది, నీ ల్యాప్‌టాప్‌కి ఏవీఎక్స్2 వరకే ఉందనుకుంటా, టెర్మినల్‌లో ఎల్ఎస్‌సీపీయూ కమాండ్ కొట్టి ఫ్లాగ్స్ వరసలో చూడు. అలా అయితే ల్యాప్‌టాప్‌లోనే కొత్తగా ఖాళీ బిల్డ్ ఫోల్డరు తెరిచి మళ్లీ కంపైల్ చెయ్యి, సీమేక్‌కి జీఎంఎక్స్_సిమ్డ్ విలువ ఏవీఎక్స్2_256 అని నువ్వే చెప్పు. పాత బిల్డ్ ఫోల్డరు మాత్రం తేవద్దు, సీమేక్ క్యాషేలో ల్యాబు సంగతులన్నీ అలాగే ఉండిపోతాయి.

గ్రోమాక్స్‌కి కావాల్సిన ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ (ఫోరియర్ లెక్కల లైబ్రరీ) కోసం సీమేక్‌లో జీఎంఎక్స్_బిల్డ్_ఓన్_ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ ఆన్ చేస్తే అదే దించుకుని కంపైల్ చేసుకుంటుంది, నెట్ ఉంటే చాలు. నేను మొదటిసారి దాన్ని విడిగా కంపైల్ చేస్తూ సింగిల్ ప్రెసిషన్ కోసం ఇవ్వాల్సిన ఎనేబుల్-ఫ్లోట్ ఆప్షన్ పెట్టడం మర్చిపోయాను. సింగిల్ ప్రెసిషన్ లైబ్రరీ లేదని సీమేక్ మొరాయిస్తుంటే ఎందుకో తెలియక ఒక రోజంతా పోయింది.

ఇంకో జవాబు:
డబుల్ వద్దండి. మామూలుగా వచ్చే మిక్స్‌డ్ ప్రెసిషన్ (ఎక్కువగా సింగిల్, అవసరమైన చోట మాత్రం డబుల్) మీ పనికి సరిపోతుంది. నార్మల్ మోడ్ విశ్లేషణ (అణువు కంపనాల లెక్క) లాంటి వాటికే డబుల్ కావాలి. పైగా వేగం తగ్గుతుంది, జీపీయూ కూడా వాడుకోలేరు, డబుల్‌తో పాటు సీయూడీఏని (ఎన్‌విడియా జీపీయూ వాడే పద్ధతి) అడిగితే సీమేక్ అక్కడే ఎర్రర్ ఇస్తుంది. ర్యామ్ 8 జీబీ అయితే కంపైల్ చేసే మేక్ కమాండ్‌కి మైనస్ జే 2 (ఒకేసారి రెండు పనులు) చాలు, ఎక్కువ పెడితే ల్యాప్‌టాప్ బిగుసుకుపోతుంది. అయ్యాక గ్రోమాక్స్ సొంత పరీక్షలు నడిపే మేక్ చెక్ తప్పకుండా నడపండి, పరీక్షలు పాసవ్వని గ్రోమాక్స్‌తో వచ్చిన అంకెల్ని థీసిస్‌లో పెట్టకూడదు.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, నువ్వు చెప్పిందే నిజం, ఇక్కడ ఏవీఎక్స్2 వరకే ఉంది. రాత్రి మళ్లీ కంపైల్ చేశాను, మేక్ చెక్ మొత్తం పాసైంది. ఇప్పుడు అసలు రన్ మొదలుపెట్టాను. మా వీధిలో ఈ ఎండలకి కరెంటు పోతోంది, ల్యాప్‌టాప్ బ్యాటరీ గంట కూడా ఆగదు. మధ్యలో ఆగితే మళ్లీ మొదటి నుంచేనా?

జవాబు (విజయవాడ):
అక్కర్లేదు. సిమ్యులేషన్ నడిపే ఎండీరన్ కమాండ్ 15 నిమిషాలకోసారి చెక్‌పాయింట్ (అప్పటివరకు ఎక్కడికి వచ్చిందో దాచే ఫైలు) రాసుకుంటుంది. కరెంటు వచ్చాక అదే ఫోల్డరులో అదే కమాండ్‌కి మైనస్ సీపీఐ జోడించి ఆ చెక్‌పాయింట్ ఫైలు పేరు ఇవ్వు, అక్కడి నుంచే సాగుతుంది. ల్యాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టకు, ఫ్యాన్ గాలి తగిలేలా బల్ల మీద పెట్టు.