గోల్ఫ్ స్వింగ్ నిదానమైంది, షాఫ్ట్ (క్లబ్ కర్ర) ఏది మార్చాలి?

ప్రశ్న (అనంతపురం):
అందరికీ నమస్కారం. నాకు 63 ఏళ్లు. బెంగళూరులో ఉద్యోగం చేసేటప్పుడు గోల్ఫ్ అలవాటైంది, రిటైరై ఊరికి వచ్చేశాక కూడా వదల్లేదు, పదిహేను రోజులకోసారి తెల్లారకముందే బయలుదేరి బెంగళూరు పోయి ఆడి వస్తా, మిగతా రోజులు మిద్దె మీద నెట్ కట్టుకుని కొడతా. ఈ రెండు మూడేళ్లలో దూరం బాగా పడిపోయింది. మొన్న శనక్కాయ పీకేసిన మా చేన్లో సెవెన్ ఐరన్‌తో (ఇనుప తల క్లబ్బుల్లో ఒకటి) ఓ ఇరవై పాత బంతులు కొట్టి, అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయి చూశాను. ఒకప్పుడు 145 గజాలు పోయేది, ఇప్పుడు 120 కూడా కష్టమే. అదంతా పొడి ఎర్రమన్ను, బంతి పడ్డచోటే కూరుకుపోతుంది కాబట్టి దొర్లిన దూరం కలిసిందని అనుకోవడానికి కూడా లేదు. బెంగళూరులో లాంచ్ మానిటర్ (కొట్టిన వేగం కొలిచే యంత్రం) మీద డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) స్పీడ్ గంటకు 83 మైళ్లు చూపించింది, పదేళ్ల కింద 95 ఉండేది.

డ్రైవర్‌లో 65 గ్రాముల స్టిఫ్ (తక్కువ వంగే గట్టి షాఫ్ట్), ఐరన్లలో 130 గ్రాముల స్టీల్ స్టిఫ్ ఉన్నాయి. బంతి పైకి లేవదు, కుడికి పోతుంది, సాయంత్రానికి మోచెయ్యి నొప్పి. కాస్త వంగే రెగ్యులర్‌కు మారాలా, ఏకంగా ఇంకా మెత్తటి సీనియర్‌కే పోవాలా? స్టీల్ బదులు గ్రాఫైట్ (తేలికైన కార్బన్ షాఫ్ట్) పెడితే కంట్రోల్ పోతుందని తోటివాళ్లు భయపెడుతున్నారు.

జవాబు (కడప):
సార్, ముందు ఆ అక్షరాల సంగతి పక్కనపెట్టి బరువు చూడండి. షాఫ్ట్ మీద ఆర్ (రెగ్యులర్), ఎస్ (స్టిఫ్), ఏ (సీనియర్) అని వేసేదానికి అన్ని కంపెనీలకూ కలిపి ఒక కొలతంటూ లేదు, ఒకరి రెగ్యులర్ ఇంకొకరి స్టిఫ్ అంత గట్టిగా ఉంటుంది. మామూలుగా చెప్పే లెక్కలో డ్రైవర్ స్పీడ్ 95 దాటితే స్టిఫ్, 85 నుంచి 95 దాకా రెగ్యులర్, 75 నుంచి 85 దాకా సీనియర్. మీది అంచు మీద ఉంది, అందుకే మీరు క్లబ్‌ను కిందికి దించేటప్పుడు ఎట్లా దించుతారన్నది ముఖ్యం. ఒక్కసారిగా గుంజేవాళ్లైతే తేలికపాటి రెగ్యులర్, నింపాదిగా తిప్పేవాళ్లైతే సీనియర్.

130 గ్రాములు మాత్రం ఈ స్పీడుకు బరువెక్కువే. అట్లాగని నేను చేసినట్టు చెయ్యకండి. 125 నుంచి ఒకేసారి 55కి దిగితే క్లబ్ హెడ్ ఎక్కడుందో చేతికి తెలిసేది కాదు, బంతులన్నీ ఎడమకు తిరిగిపోయేవి, మళ్లీ 75కి వచ్చాకే కుదిరింది. స్టీలే కావాలంటే 95 గ్రాముల చుట్టూ ఉండే తేలిక రకాలు కూడా దొరుకుతాయి. గ్రాఫైట్‌కు కంట్రోల్ ఉండదన్నది పాతమాట, ప్రొఫెషనల్ టూర్‌లో ఆడేవాళ్ల డ్రైవర్లలో ఉండేది గ్రాఫైటే కదా.

జవాబు (కర్నూలు):
నేను హైదరాబాద్ పోయి గోల్కొండ దగ్గర నయా ఖిల్లాలో ఆడతా. పైన అన్న చెప్పింది నిజమే కానీ, షాఫ్ట్ మార్చినంత మాత్రాన పోయిన పాతిక గజాలూ తిరిగి రావు, ఆ ఆశతో డబ్బు పెట్టొద్దండి. మీ డ్రైవర్ లాఫ్ట్ (క్లబ్ ముఖం వాలు) ఎంత? 9 డిగ్రీలు ఉంటే ఈ స్పీడుకు బంతి గాల్లో నిలబడదు, 10.5 గానీ 12 గానీ కావాలి. మీ క్లబ్‌కు తిప్పే హోసెల్ (షాఫ్ట్ తలలోకి దిగే మెడ) ఉంటే రెంచ్‌తో రెండు నిమిషాల పని, ముందు అది చేసి చూడండి. ఫోర్, ఫైవ్ ఐరన్లకు షాఫ్ట్ మార్చడం దండగ, వాటి బదులు హైబ్రిడ్లు (బంతిని తేలిగ్గా లేపే క్లబ్బులు) తీసుకోండి. ఇంకొకటి, క్లబ్ ముఖానికి కాస్త పౌడర్ అద్ది కొట్టండి. బంతి క్లబ్ మడమ (షాఫ్ట్ వైపు అంచు) దగ్గర తగులుతున్నట్టు మచ్చ కనపడితే కుడికి పోవడానికి షాఫ్ట్ ఒక్కటే కారణం కాదు.

జవాబు (ప్రొద్దుటూరు):
మోచెయ్యి నొప్పి అన్నారు కాబట్టి నా ఓటు గ్రాఫైట్‌కే, అదురు చేతి దాకా తక్కువ వస్తుంది. నొప్పి తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి, నొప్పి ఓర్చుకుని ఆడొద్దు. సెట్టంతా ఒకేసారి మార్చకుండా సెవెన్ ఐరన్ ఒక్కదానికి వేయించి నెల రోజులు ఆడండి. వేయించేది మాత్రం క్లబ్బులు బిగించే పని తెలిసినవాళ్ల దగ్గరే. నేను డబ్బు మిగులుతుందని ఊళ్లో ఒక వెల్డింగ్ షాపులో ఇచ్చాను, పాత గ్రాఫైట్ షాఫ్ట్ ఊడదీయడానికి టార్చ్ పెట్టి మెలితిప్పేసరికి చివర పొరలు పొరలుగా విచ్చుకుపోయింది, మళ్లీ వాడుకుందామంటే పనికిరాలేదు. గ్రాఫైట్‌ను తక్కువ వేడితో, తిప్పకుండా నిలువుగా లాగాలి. ఐరన్ హోసెల్ రంధ్రం 0.355 అంగుళాలా, 0.370 అంగుళాలా అన్నది కూడా కొనకముందే కొలిపించుకోండి.

ప్రశ్న అడిగినవారు (అనంతపురం):
అందరికీ చాలా థ్యాంక్స్. డ్రైవర్ లాఫ్ట్ 9.5 ఉంది, 10.5కి తిప్పాను, బంతి లేస్తోంది. పౌడర్ మచ్చ కూడా చూశాను, కర్నూలు అన్న అన్నట్టే మడమ వైపే పడింది, ఇప్పుడు అర అడుగు వెనక్కి నిలబడుతున్నా. బెంగళూరులో సెవెన్ ఐరన్‌కు 75 గ్రాముల రెగ్యులర్ గ్రాఫైట్ వేయించాను. నిన్న పొద్దున మళ్లీ చేన్లో పది బంతులు కొట్టా. అన్నిటికంటే దూరం పోయింది 128 గజాల లెక్కకు దొరికింది, సగం మన్నులో దిగి ఉంది. రాత్రి నీళ్ల చెంబు ఎత్తితే మోచెయ్యి గుంజలేదు. మిగతా ఐరన్ల సంగతి నెల తర్వాత ఇక్కడే రాస్తా.