జెండాలో పూలు పెట్టి కట్టే ముడి ఎలా వేయాలి? (పంద్రాగస్టు కోసం)

కాలనీకొత్త:
ఈసారి మా కాలనీ పార్కులో జెండా వందనం పెడుతున్నాం. చిన్నప్పుడు బడిలో చూసినట్టే ఉండాలని పిల్లల కంటే పెద్దలకే పట్టుదల. తాడు లాగగానే పూలు రాలాలి, చుట్టూ పురికొసకి అంటించిన కాగితం జెండాలు రెపరెపలాడాలి, చివర్లో బూందీ పొట్లం. బూందీ సంగతి మేం చూసుకుంటాం, మిగతావి చెప్పండి. ఇనుప గొట్టం 20 అడుగులు, పైన గిలక ఉంది. జెండా 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు. ముడి ఎలా వేయాలి? ఏ పూలు, ఎన్ని? కాగితాలకి జిగురు ఏది? పూలు జనవరి 26కే పెట్టాలి, ఆగస్టు 15కి పెట్టకూడదని ఒకాయన గట్టిగా అంటున్నారు. నిజమేనా?

తాడూబొంగరం:
ముడి గురించి నేను చెప్తాను. అసలు అది ముడే కాదు, మెలిక. తేడా అంతా అక్కడే ఉంది.

తాడు గిలక మీదుగా వెళ్లి మళ్లీ కిందికి రావాలి కాబట్టి 45 అడుగులు కొనండి. 6 మిల్లీమీటర్ల మందం చాలు. లావు తాడైతే గిలక గాడిలోంచి పక్కకి తప్పుకుని ఇరుక్కుంటుంది. అప్పుడు నిచ్చెన వేసి ఎక్కాల్సిందే. గిలకకి ముందురోజే రెండు చుక్కల ఆముదమో గ్రీజో పెట్టండి.

బల్ల మీద శుభ్రమైన దుప్పటి పరిచి జెండా వేయండి. నేల తగలకూడదు. కాషాయం అంచు ఆకుపచ్చ అంచు మీదికి వచ్చేలా పొడవునా సగానికి మడవండి. దాని మీద పూలరేకులు సన్నగా చల్లి, మళ్లీ పొడవునా సగానికి మడిస్తే ఆరంగుళాల పట్టీ అవుతుంది. ఇప్పుడు తాడు లేని కొస నుంచి తాడున్న కొస వైపు నాలుగంగుళాల మడతలు పెట్టుకుంటూ రండి. పొట్లం తయారు.

కాషాయం మూలకి కట్టిన తాడు గిలక మీదికి ఎక్కేది, ఆకుపచ్చ మూలకి కట్టినది కిందికి వేలాడేది. ఈ వేలాడే తాడుని పొట్లం చుట్టూ రెండు చుట్లు తిప్పండి. చుట్ల తర్వాత వచ్చే తాడుని రెండు వేళ్లంత మెలికలా మడిచి, ఆ మెలికని మాత్రమే చుట్ల కిందికి దూర్చండి. తాడు కొస దూర్చారో, అది ముడి పడి ఎంత లాగినా బిగుస్తుందే తప్ప రాదు. వేదికల మీద పెద్దలు తాడు పట్టుకుని వేలాడేది సాధారణంగా ఇందుకే.

ఎక్కించేటప్పుడు వేలాడే తాడు వదులుగా ఉండాలి. ఎవరైనా దాన్ని తొక్కితే జెండా సగం దూరంలోనే విచ్చుకుంటుంది. పైకి చేరాక ఎక్కించిన తాడుని కొక్కేనికి బిగించి, అప్పుడే వేలాడే తాడుని అతిథి చేతికివ్వండి. బిగించకపోతే పొట్లం విచ్చుకోకుండానే కిందికి దిగి వస్తుంది. ఏ తాడు లాగాలో తెలిసేలా దానికో రిబ్బను ముక్క కట్టండి.

ముందురోజు అదే కొలత తువ్వాలుతో నాలుగుసార్లు సాధన చేయండి. జెండాతో వద్దు.

బంతిరేకు:
ఆగస్టు 15కి పూలు పెట్టకూడదన్నది అపోహ. 2002 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న ఫ్లాగ్ కోడ్ (జాతీయ జెండా వాడకం నియమావళి) స్వాతంత్ర్య దినోత్సవానికీ, గణతంత్ర దినోత్సవానికీ రెండింటికీ పూలరేకులు పెట్టుకోవచ్చంది. ఆగస్టు 15న కిందినుంచి పైకి ‘ఎగురవేయడం’, జనవరి 26న పైనే కట్టి ఉంచి ‘ఆవిష్కరించడం’ వేరన్న వాదన ఏటా ఈ రోజుల్లో తిరుగుతూనే ఉంటుంది, దానికీ పూలకీ సంబంధం లేదు.

రేకులు మాత్రం పొడిగా ఉండాలి. తడి బంతిరేకులు ఉండకట్టి ముద్దగా కింద పడతాయి, పైగా తెల్లపట్టీకి పసుపు మరక అంటుతుంది. ఉదయాన్నే విడదీసి గంటసేపు నీడలో పల్చగా ఆరబెట్టండి. మీ కొలతకి రెండు గుప్పిళ్లు చాలు. ఎక్కువైతే పొట్లం లావై మెలిక పట్టు వదులుతుంది. తొడిమలు, కాడలు ఉంచకండి.

జెండా కర్రకి, దాని తలకి పూలదండలు వేలాడదీస్తుంటారు, అది మాత్రం కోడ్ ప్రకారం కూడదు. ముగ్గు, పూలు దిమ్మె ముందు వేసుకోండి.

పురికొస:
కాగితం జెండాల తోరణం దగ్గర నా మాట నచ్చకపోవచ్చు. మనందరి చిన్నప్పటి ఆ తోరణం నిజానికి నిబంధనకి విరుద్ధం. జెండాని తోరణంగానో అలంకరణగానో వాడకూడదని అదే కోడ్‌లో ఉంది. పిల్లలు చేత్తో పట్టుకునే కాగితం జెండాలు సరే, అయిపోయాక అవి నేలమీద పడకుండా ఏరుకోవాలి.

తోరణానికి ఒక్కో ముక్క ఒకే రంగులో త్రికోణంగా కత్తిరించండి, చక్రం వద్దు. జానెడు ఎడంగా 10 మీటర్లకి దాదాపు 45 ముక్కలు పడతాయి. పై అంచు అంగుళం మడిచి పురికొసని మధ్యలో ఉంచి అంటించాలి.

జిగురుకి కప్పు మైదా, నాలుగు కప్పుల నీళ్లు. ముందు చల్లనీళ్లలోనే ఉండలు లేకుండా కలిపి, తర్వాత సన్నసెగ మీద తిప్పుతూ పారదర్శకం అయ్యేదాకా ఉడికించండి. వేడినీళ్లలో మైదా పోస్తే ఉండలే మిగులుతాయి. పోస్టర్లు అంటించేవాళ్లు కలిపే మైలతుత్తం మీకు అనవసరం, అది విషం, పిల్లల చేతులు పడతాయి. చిక్కగా పూస్తే పల్చటి కాగితం ముడతపడి చిరుగుతుంది. రాత్రే అంటించి ఫ్యాను కింద ఆరనివ్వండి. కట్టడం మాత్రం తెల్లవారాకే, మంచుకీ చినుకుకీ రంగు కారుతుంది.

కాలనీకొత్త:
తోరణం సంగతి తెలిసి కాస్త బెంగగా ఉంది గానీ, సరే. వాన పడితే? మెలిక ఇరుక్కుంటే?

తాడూబొంగరం:
నూలు తాడు తడిస్తే ఉబ్బి బిగుస్తుంది, కాబట్టి ఎక్కించడానికి పదినిమిషాల ముందు దాకా పొట్లాన్ని ఇంట్లోనే ఉంచండి. కొత్త నైలాన్ తాడుది దీనికి తిరగబడ్డ సమస్య, నున్నగా జారి దారిలోనే ఊడుతుంది. దానికి మూడు చుట్లు వేయండి.

ఇరుక్కుంటే గుంజకండి. కొక్కెం విప్పి మెల్లగా దించి, మెలిక సరిచేసి మళ్లీ ఎక్కించండి. రెండు నిమిషాల పని, దాంట్లో తప్పేం లేదు. జెండా విచ్చుకోకుండా మైకు దగ్గరున్న ఆయన జనగణమన మొదలుపెట్టకుండా చూసుకోండి. 52 సెకన్ల పాట అయిపోతుంది, జెండా ఇంకా పొట్లంగానే ఉంటుంది.

ప్రతిజ్ఞ కూడా చేయించండి. 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు విశాఖలో తెలుగులోనే రాశారు దాన్ని.

బంతిరేకు:
ఒకటి మర్చిపోయాను. పొట్లం కట్టాక కాషాయం ఎటుందో బయటికి కనబడదు. కట్టకముందే కాషాయం మూల దగ్గర తాడుకి చిన్న దారం గుర్తు పెట్టండి, ఇద్దరు చూసుకోండి. ఎక్కించడం చకచకా, దించడం నెమ్మదిగా. 2022 జూలై సవరణ తర్వాత రాత్రి కూడా ఉంచుకోవచ్చు గానీ, ఆగస్టు గాలివానకి నూలు జెండా అంచులు పీలికలవుతాయి. సాయంత్రం దించి, తడిగా ఉంటే ఆరబెట్టాకే మడిచి పెట్టండి.