ఎఫెసీ 6:4లో ‘పతెరెస్’ అంటే తండ్రులా, తలిదండ్రులా?

గ్రీకు తెలిసినవారు సాయం చేయగలరా? ఎఫెసీ 6:1లో పిల్లలు విధేయులై ఉండాల్సింది ‘గొనెయ్స్’కి. ‘పుట్టించు’ అనే ధాతువుకు చెందిన ఈ మాట కొత్త నిబంధనలో ఎప్పుడూ బహువచనమే, అర్థం తలిదండ్రులే. చిక్కంతా 4వ వచనంలో ఉంది. అక్కడ సంబోధన ‘పతెరెస్’కి మారింది, తెలుగులో ‘తండ్రులారా’ అని ఉంది. కొలొస్సీ 3:20–21లోనూ ఇదే మార్పు.

అయితే హెబ్రీ 11:23లో మోషేను 3 నెలలు దాచింది కూడా ‘పతెరెస్’ అనే ఉంది, తెలుగులో మాత్రం ‘తలిదండ్రులు’. నిర్గమ 2:2 హీబ్రూలో దాచింది తల్లి ఒక్కతే, సెప్టువజింతు (పాత నిబంధనకు ప్రాచీన గ్రీకు అనువాదం)లో క్రియ బహువచనం. కాబట్టి అక్కడ తల్లిని వదిలేయడం కుదరదు. మన సంస్కృతంలో ‘పితరౌ’ అంటే అమ్మానాన్నలిద్దరూ కదా, అలాంటి వాడుకే ఇది.

నాకు 6:4లో మార్పు కావాలని చేసిందనే అనిపిస్తోంది: రెండు వచనాల ముందే ‘తండ్రిని తల్లిని’ అని విడివిడిగా ఉంది. కానీ ఇది రుజువు కాదు. తల్లి ప్రస్తావన లేకుండానే, సంబోధనలో ‘పతెరెస్’ ఇద్దరికీ వర్తించిన ఒకటో శతాబ్దపు ఉదాహరణ ఏదైనా ఉందా? ఉంటే గ్రీకు వాక్యం మొత్తం ఇవ్వండి, నిఘంటువు అర్థం ఒక్కటే సరిపోదు.