పిల్లల గారపండ్లకు మునగాకు పొడి మంచిదా, కాల్షియం టానిక్ మంచిదా?

చండూరు_అమ్మ:
అందరికి నమస్తే. మా బాబుకు ఏడేండ్లు, ముందటి పండ్లు రెండు కొత్తగ వచ్చినయ్, వచ్చుడే తెల్లమచ్చలు, నడుమ కొద్దిగ గార, గదే ఫ్లోరైడ్ మచ్చ. పాపకు మూడేండ్లు. డాక్టరు ఇద్దరికి కాల్షియం, విటమిన్ డి టానిక్ రాసిండు. మా అత్తమ్మ ఏమో గవి వేడి చేస్తయ్, మునగాకు పొడి చెంచెడు తేనెల కలిపి నాకిస్తె సాలు అంటది. రోజు ఇదే పంచాయితి. ఏది ఇయ్యాలె?

పసరుమందు_భాయ్:
మీ అత్తమ్మ చెప్పిందే కరెక్ట్ చెల్లె. పాలల్ల కంటె మునగాకు పొడిల పదిహేడింతల కాల్షియం ఉంటదని ఎవరినడిగినా చెప్తరు. మా తాత పసరు మందులు ఇస్తుండె, చుట్టు పది ఊర్లోళ్లు మా వాకిట్ల కూసునేటోళ్లు, ఒక్క పైస తీసుకోలె. ఇప్పుడు టానిక్ సీస మూడొందలు, దాంట్ల సగం చక్కెరనాయె.

పాలమూరు_బిడ్డ:
రెండూ ఇయ్యున్రి, అయిపాయె.

నాంపల్లి_పిలగాడు:
భాయ్, ఆ పదిహేడింతలు ఎట్ల వచ్చిందో ఎప్పుడన్న లెక్క చేసినవా? అది వంద గ్రాముల ఎండు పొడికి, వంద గ్రాముల పాలకు పోలిక. పొడిల రెండు వేల మిల్లీగ్రాములు ఉంటదనుకో, పాలల్ల నూటఇరవై. కని వంద గ్రాముల పొడి ఏ పోరడు తింటడు? చెంచెడు అంటె ఐదు గ్రాములు, అంటె వంద మిల్లీగ్రాములు. గ్లాసెడు పాలు తాగితె అంతకు రెండింతలు పైననే వస్తది. ఏడేండ్ల పిలగానికి రోజుకు 650 మిల్లీగ్రాములు కావాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క. మునగాకు మంచిదే, కూరల ఎయ్యున్రి, పప్పుల ఎయ్యున్రి, మందు అని మాత్రం చెప్పకున్రి.

పసరుమందు_భాయ్:
మా ఇంట్ల చెంచ పెద్దది.

నాంపల్లి_పిలగాడు:
పెద్దదంటె ఎంత? పది గ్రాములా? అయినా రెండొందలేనాయె.

పసరుమందు_భాయ్:
పొద్దుగాల ఒకటి, రాత్రికి ఒకటి ఎయ్యి మరి. రాగి జావ పొయ్యి, నువ్వుల లడ్డు పెట్టు. నీకు లెక్కలొస్తయ్ గని మందు తెల్వదు. మా తమ్ముని కొడుక్కు టానిక్ పట్టిచ్చి పట్టిచ్చి అన్నం తినుడే బందయ్యింది, మలబద్ధకం, రోజు ఏడుపే. ఎవడు జవాబుదారి?

మిర్యాలగూడ_సీత:
చెల్లె, అది గార కాదు. మా బిడ్డకు అంగన్వాడీల ఐరన్ సిరప్ పోసిన్రు, పండ్లు నల్లగైనయ్. సిరప్ బంద్ చెయ్యి.

నాంపల్లి_పిలగాడు:
సీతక్కా, ఐరన్ మరక పైపైన ఉంటది, తోమితె, డాక్టరు గీకితె పోతది. గార పన్ను లోపల తయారైతున్నప్పుడే పడ్తది, ఎంత తోమినా పోదు. రక్తం లేని పిల్లలకు ఐరన్ బంద్ చేపియ్యకు, పాపం తగుల్తది. కాల్షియం, ఐరన్ ఒక్కసారే మాత్రం ఇయ్యొద్దు, రెండు పూటలు వేరు పెట్టుకోవాలె.

పసరుమందు_భాయ్:
అన్ని నీకే తెలుసు. మెడికల్ షాపు ఉన్నదా ఏంది నీకు?

నాంపల్లి_పిలగాడు:
షాపు లేదు, మా అక్క ఉన్నది. మోకాళ్లు లోపలికి వంగినయ్. మా అమ్మ రెండేండ్లు ఒకాయన దగ్గర ఎముకల బలానికని భస్మం తెచ్చి పోసింది, అండ్ల ఏం కలిపిండో ఎవనికి తెల్వదు, సీస మీద పేరు కూడ లేకుండె. సంబంధాలొచ్చి పండ్లు సూసి, నడక సూసి పోయినోళ్లను నేను లెక్కపెట్టిన. నాతోని తాత ముచ్చట చెప్పకు.

మర్రిగూడ_పాతమనిషి:
లొల్లి ఆపున్రి. అమ్మా, ఒకటి చెప్పు. మీ ఇంట్ల పిల్లలు ఏ నీళ్లు తాగుతున్నరు?

చండూరు_అమ్మ:
నల్లా ఉన్నది పెద్దాయన. సర్కారోళ్ల మిషన్ భగీరథ నీళ్లు వస్తయ్. కని అత్తమ్మ అవి బ్లీచింగ్ వాసనొస్తయ్ అని బట్టలకు, బాసన్లకు వాడ్తది. తాగుటానికి, వంటకు మా బాయికాడి బోరే. పిల్లలకైతె కాగబెట్టే ఇస్తున్న.

మర్రిగూడ_పాతమనిషి:
ఇంతసేపు చెంచల లెక్క చేసిన్రు కదరా! పండ్లకు గార పడేది, ఎముకలు వంగేది నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువుంటెనే. కాగబెడ్తె క్రిములు చస్తయ్, ఫ్లోరైడ్ పోదమ్మా. నీళ్లు ఇగిరినకొద్ది ఇంక చిక్కబడ్తది. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలె, వేరే దిక్కే లేకుంటె 1.5 దాక, ముందుగాల ఆ బోరు నీళ్లు పరీక్షకియ్యి. బాబుకు పడ్డ మచ్చ మందుతోని పోదు. పాపకు ఇంక టైమున్నది, పాలపండ్లు ఊడినంక వచ్చే పండ్లు ఎనిమిదేండ్ల దాక లోపల తయారైతనే ఉంటయ్. కాల్షియం తింటె కడుపుల ఫ్లోరైడ్‌ను కొంత పట్టుకుంటది, పాలైనా టానికైనా. కని బోరు పోసుకుంట కాల్షియం ఇచ్చుడు అంటె పొక్క పడ్డ కుండల నీళ్లు పోసినట్టే.

పసరుమందు_భాయ్:
మా నాయన ఆ బోరే తాగి ఎనభై ఏండ్లు బతికిండు.

నాంపల్లి_పిలగాడు:
వంగి బతికిండా, నిలబడి బతికిండా?

పసరుమందు_భాయ్:
నాయన దాక వద్దు తమ్మీ. వంగిండు, నిజమే. ఇంతకు మునుపు ఎంతమంది లీడర్లొచ్చి మా నాయన నడుము సూసి ఫొటో దిగి పోయిన్రు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ పేరు పెట్టిన్రు గని మా ఇంటికి మంచినీళ్లు రాలె. ఇప్పుడు నల్లా బిగిచ్చి తాగు అంటె తాగాల్నా? ఆకు మా చేతిల ఉన్నది, మేమే తెంపుతం, మేమే ఎండబెడ్తం. ఆ నీళ్లు ఏడికెల్లి వస్తున్నయో, ఎవడు కడుగుతుండో నాకేం తెలుసు.

నాంపల్లి_పిలగాడు:
గిది మొదలే చెప్తె అయిపోవు గదా భాయ్. నమ్మకుంటె నల్లా నీళ్లు, బోరు నీళ్లు రెండూ పరీక్ష చేపియ్యి. కాయితం సూసి మాట్లాడుదాం.

పాలమూరు_బిడ్డ:
మాకు ఫ్లోరైడ్ లేదు, అస్సలు నీళ్లే లేవు 😀

చండూరు_అమ్మ:
అత్తమ్మకు ఇయ్యన్ని చదివి వినిపిచ్చిన. మొదలు తిట్టింది, తర్వాత ‘పిల్లలకు నల్లా నీళ్లు పొయ్యి, నా చాయకు మాత్రం బోరే’ అన్నది. పాప రోజు ఆమె కప్పులనే రొట్టె ముంచుకుంటది, ఏం చేయాలె?

మర్రిగూడ_పాతమనిషి:
చాయపత్తిల కూడ ఫ్లోరైడ్ ఉంటదమ్మా. పాపకు పాల గ్లాసు వేరే పెట్టు. అత్తమ్మకు నేను ఫోన్ల చెప్త, కలుపు.