సొంత మైదానంలో ఓడిన ఒహాయో స్టేట్ జాతీయ విజేత ఎలా అయింది?

ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం

మా అమ్మాయి అమెరికాలోని కొలంబస్‌లో ఎమ్మెస్ చదువుతున్నందువల్ల, అక్కడి ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయపు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 2024 సీజన్‌ను నేనూ ఇక్కడి నుంచి గమనిస్తూ వచ్చాను. దసరా మరునాడు తెల్లవారుజామున, మా ఊరంతా సిరిమానోత్సవం ఏర్పాట్లలో మునిగి ఉండగా, ఆ జట్టు ఒరెగాన్ విశ్వవిద్యాలయపు జట్టు చేతిలో 32-31తో ఓడిపోయింది. ఒక్క పాయింటు తేడా కాబట్టి సరిపెట్టుకున్నాం. నవంబరు 30న మాత్రం లక్ష మందికి పైగా పట్టే తమ స్టేడియంలోనే, బద్ధ ప్రత్యర్థి మిషిగన్ చేతిలో 13-10తో ఓడింది. మిషిగన్‌కు అప్పటికి ఆరు గెలుపులు, ఐదు ఓటములు. అమ్మాయి ఆ రాత్రి ఫోన్ కూడా ఎత్తలేదు.

తీరా చూస్తే జనవరి 20న కప్పు ఎత్తింది ఒహాయో స్టేటే! మన జిల్లా కబడ్డీ పోటీల్లో ఓడిన జట్టును మళ్లీ బరిలోకి దింపితే నిర్వాహకులను నిలదీయకుండా వదులుతారా? ఇదెలా సాధ్యమైందో, ఇందులో న్యాయం ఎంత ఉందో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1: కళాశాల వ్యాయామ అధ్యాపకుడు, శ్రీకాకుళం

నమస్కారం మాస్టారూ. మీరు దాన్ని మొదటి నుంచీ నాకౌట్ పోటీగా చూస్తున్నారు, చిక్కంతా అక్కడే వచ్చింది. నవంబరు చివరి వరకు జరిగేది లీగు వంటిది. అసలు నాకౌట్ డిసెంబరులో మొదలవుతుంది. 2014 నుంచి 2023 సీజన్ వరకు ఆ నాకౌట్‌లో నాలుగు జట్లకే చోటు ఉండేది. 2024లో తొలిసారిగా దాన్ని పన్నెండుకు పెంచారు. ఎంపిక సంఘం ఇచ్చిన చివరి ర్యాంకుల్లో ఒహాయో స్టేట్‌ది ఆరో స్థానం కాబట్టి, పాత పద్ధతే ఉంటే మిషిగన్ మ్యాచ్‌తోనే వారి కథ ముగిసేది.

మీకు న్యాయం మీద అనుమానం ఉంది కనుక మరొక మాట కూడా చెప్పాలి. ర్యాంకు ఆరైనా, కాన్ఫరెన్స్ (కొన్ని విశ్వవిద్యాలయాల జట్లు కలిసి ఆడే లీగు) విజేతలకే నాకౌట్‌లో మొదటి నాలుగు సీడ్‌లు, అంటే వరుస స్థానాలు, ఇవ్వాలన్న అప్పటి నియమం వల్ల వీరు ఎనిమిదో సీడ్‌కు దిగిపోయారు. ఆ నాలుగు జట్లకూ తొలి రౌండు ఆడనవసరం లేకపోయింది. విచిత్రమేమిటంటే, మూడు వారాలకు పైగా విశ్రాంతి తీసుకున్న ఆ నాలుగూ తమ మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయాయి. ఒహాయో స్టేట్ ఒక మ్యాచ్ ఎక్కువ ఆడి గెలిచింది తప్ప, దానికి ఎవరూ దొడ్డిదారి చూపలేదు.

జవాబు 2: రాత్రి షిఫ్టు ఉద్యోగి, రాజాం

పద్ధతి సంగతి పైన చెప్పారు గనుక నేను ఆట సంగతి చెబుతాను. ఈ ఆటలో పది గజాలు ముందుకు వెళ్లడానికి నాలుగు అవకాశాలు ఇస్తారు, ఒక్కో అవకాశాన్ని డౌన్ అంటారు. మిషిగన్ జట్టులో మేసన్ గ్రాహమ్, కెన్నెత్ గ్రాంట్ అనే ఇద్దరు బలశాలులు సరిగ్గా మధ్యలో గోడలా నిలబడి ఉంటే, ఒహాయో స్టేట్ వారు పోయి పోయి ఆ గోడనే ఢీకొన్నారు. అంచున జెరెమయా స్మిత్ వంటి ఆటగాడు ఉండగా మధ్యలోకి ఎందుకు పరుగెత్తించారో నాకు నేటికీ అంతుపట్టదు. రెండు ఫీల్డ్ గోల్ (బంతిని స్తంభాల మధ్య నుంచి తన్నడం) ప్రయత్నాలు గురి తప్పాయి, జట్టు తరఫున బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ విల్ హవర్డ్ పంపిన రెండు బంతులు ప్రత్యర్థుల చేతికి చిక్కాయి.

తరువాత కోచ్ ర్యాన్ డే బృందం ఆ మొండితనం మానేసి బంతిని గాలిలోకి పంపింది. నాకౌట్ తొలి రౌండులో టెన్నెసీ మీద 42-17తో గెలుపు. జనవరి 1న రోజ్ బౌల్ అనే క్వార్టర్‌ఫైనల్ మ్యాచ్‌లో, మనకు మరునాటి తెల్లవారుజామున, అదే ఒరెగాన్ మీద రెండో క్వార్టర్‌లోనే 34-0 ఆధిక్యం, చివరకు 41-21. ఆ ఒక్క మ్యాచ్‌లో మొదటి సంవత్సరం కుర్రవాడు స్మిత్ 187 గజాలు సంపాదించాడు.

నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది మాత్రం టెక్సస్‌తో సెమీఫైనల్ మ్యాచ్‌లో. 21-14తో వెనుకబడిన టెక్సస్ గోల్ గీతకు ఒక్క గజం దూరం దాకా వచ్చి, ఒక తప్పుడు ఎత్తుతో ఏడు గజాలు వెనక్కి పోయింది. నాలుగో డౌన్‌లో ఒహాయో స్టేట్ ఆటగాడు జాక్ సాయర్, టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ చేతిలోని బంతిని కొట్టి, ఎగిరిన దాన్ని తానే అందుకుని, 83 గజాలు ఒగరుస్తూ పరుగెత్తి, అవతలి గోల్ గీత దాటించి టచ్‌డౌన్ చేశాడు. ఆ ఇద్దరూ ఒకప్పుడు ఒహాయో స్టేట్‌లో ఒకే గదిలో ఉన్నవారు!

ఫైనల్‌లో నోటర్ డేమ్ 31-23 వరకు తరుముకొచ్చింది. అప్పుడు మూడో డౌన్‌లో పదకొండు గజాలు కావలసి ఉండగా, హవర్డ్ ధైర్యం చేసి స్మిత్‌కు 56 గజాల బంతి అందించాడు. ఆఖరు స్కోరు 34-23.

జవాబు 3: పాత వాలీబాల్ ఆటగాడు, బొబ్బిలి

ఇద్దరూ బాగానే చెప్పారు గాని, డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. 2021 నుంచి అక్కడి కళాశాల ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ ఆధారంగా సంపాదించుకోవచ్చు. ఈ జట్టు ఆటగాళ్లకు అందిన మొత్తం సుమారు 2 కోట్ల డాలర్లని అక్కడి క్రీడా విభాగాధిపతే బహిరంగంగా చెప్పారు. హవర్డ్ కాన్సాస్ స్టేట్ నుంచి, కేలబ్ డౌన్స్ అలబామా నుంచి, క్విన్షాన్ జడ్కిన్స్ ఓల్ మిస్ నుంచి, అంటే వేరే విశ్వవిద్యాలయాల జట్ల నుంచి వచ్చినవారే. మా రోజుల్లో పొరుగు కళాశాల కుర్రవాణ్ణి జట్టులో ఆడిస్తే కప్పు వెనక్కి లాక్కునేవారు. అక్కడ నియమాలే ఒప్పుకుంటున్నాయి కనుక తప్పు అనను, కాని దాన్ని కళాశాల జట్టు అని పిలవడానికి నాకు నోరు రావడం లేదు.

జవాబు 4: ప్రశ్న అడిగిన ఉపాధ్యాయుడు

అందరికీ ధన్యవాదాలు. ఎనిమిదో సీడ్ సంగతి విన్నాక నిర్వాహకుల మీద నా కోపం తగ్గింది. డబ్బు విషయంలో నేను బొబ్బిలివారి పక్షమే, అయినా సాయర్ వంటి వారు మొదటి నుంచీ అక్కడే చదివి ఆడినవారని అమ్మాయి గుర్తు చేసింది. ఈ జవాబులన్నీ ఆమెకు చదివి వినిపిస్తే, అన్నీ విని, “కప్పు సరే నాన్నా, ఆ సీజన్ ముగిసేనాటికి మిషిగన్ మీద గెలిచి ఐదేళ్లు దాటిపోయింది” అంది.